బాబు కోసం ఇంకో బిడ్డని కనడం తప్పా? జీన్ థెరపీ వచ్చేదాకా ఆగాలా?

గుంటూరు నాన్న:

మా బాబుకి ఏడేళ్లు. థలసేమియా మేజర్, అంటే ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగ్గా తయారుకాని, పుట్టుకతో వచ్చే రక్తజబ్బు. నెలల పిల్లాడప్పుడు పాలిపోతున్నాడని చూపిస్తే బయటపడింది, అప్పట్నుంచి మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే, రోజూ ఐరన్ తగ్గించే మాత్ర, మధ్యమధ్యలో ఫెరిటిన్ (ఎక్కించిన రక్తం వల్ల ఒంట్లో ఐరన్ ఎంత పేరుకుందో చెప్పే పరీక్ష) ఎంత వచ్చిందో అని టెన్షన్. నేనూ మా ఆవిడా ఇద్దరం మైనర్, అంటే మాకు జబ్బు లేదు గానీ పాడైన జన్యువు ఒకటి మోస్తున్నాం. తను నా మేనమామ కూతురు. పెళ్లికి ముందు మైనర్ అవునో కాదో చెప్పే హెచ్‌బీఏ2 అనే రక్తపరీక్ష ఒకటి చేయించుకోవచ్చని రెండు వైపులా ఎవరూ వినలేదు.

వాడి పైన పాప ఉంది, పదకొండేళ్లు. బోన్ మారో (రక్తం తయారయ్యే ఎముక మజ్జ) మారిస్తే పూర్తిగా నయమయ్యే అవకాశం ఉందని డాక్టర్ గారు చెబితే పాపకి హెచ్‌ఎల్‌ఏ టెస్టు (తన మారో బాబుకి కలుస్తుందో లేదో చూసేది) చేయించాం, కలవలేదు. "ఇంకోసారి తీయమను నాన్నా, ఈసారి కలుస్తుందేమో" అంది. పాపకి ఏం చెప్పాలో తెలియలేదు.

ఇప్పుడు ఒక ఐవీఎఫ్ సెంటర్ వాళ్లు ఇంకో దారి చెప్పారు. పిండాలు తయారుచేసి, వాటిలో థలసేమియా మేజర్ కానిది, బాబుతో హెచ్‌ఎల్‌ఏ కలిసేది ఏరి కడుపులో పెడతారట. ఆ బిడ్డ పుట్టాక దాని మారో బాబుకి. మావయ్య పొలం అమ్మైనా డబ్బులిస్తానంటున్నాడు, మా అమ్మ అయితే అప్పుడే మొక్కులు కూడా మొక్కేసింది. మా ఆవిడ మాత్రం సరే అనట్లేదు. "పుట్టకముందే దానికి ఒక పని అప్పజెబుతున్నాం కదా, రేపు అడిగితే ఏం చెప్తావు" అంటుంది.

ఇంకోవైపు ఆఫీసులో ఫ్రెండ్ రోజూ క్రిస్పర్ (జన్యువుల్ని కత్తిరించి సరిచేసే పద్ధతి) వీడియోలు పంపిస్తాడు. ఒక్కసారి చేస్తే చాలట, దాత అక్కర్లేదు, వాడి కణాలే బాగుచేసి వాడికే ఎక్కిస్తారు. కోట్లలో ఖర్చు అని తెలుసు. కానీ మన దేశంలో కూడా తయారవుతోంది అంటున్నారు కదా, కొన్నేళ్లు ఆగితే ఇంకో బిడ్డని ఇందులోకి లాగాల్సిన పనే ఉండదేమో అనిపిస్తుంది.

వైద్యం సంగతి డాక్టర్లని అడుగుతూనే ఉన్నాం. ఇక్కడ అడిగేది అది కాదు. ఇలా కనడం న్యాయమేనా? ఆగడం న్యాయమా? ఉచిత సలహా అయినా పర్వాలేదు గానీ నిజాయితీగా చెప్పండి.

---

ల్యాబ్‌కోటు (బోస్టన్):

అన్నా, నేను జీన్ థెరపీకి వాడే వైరల్ వెక్టర్లు (జన్యువుని కణాల్లోకి మోసుకెళ్లే వైరస్‌లు) తయారుచేసే కంపెనీలో పనిచేస్తాను, కాబట్టి నా మాటల్లో ఈ రంగం మీద కొంచెం మోజు ఉంటుంది, అది తీసేసి చదువుకోండి.

ముందు ఆగడం గురించి. థలసేమియాకి ఇప్పుడు ప్రధానంగా రెండు మందులున్నాయి. జింటెగ్లో అనేది లెంటీవైరస్ అనే రకం వెక్టర్ ద్వారా, సరిగ్గా పనిచేసే బీటా గ్లోబిన్ (హిమోగ్లోబిన్‌లో ఒక భాగం) జన్యువుని కణాల్లోకి చేరుస్తుంది, అమెరికాలో 2022 ఆగస్టులో అనుమతి వచ్చింది, ధర 28 లక్షల డాలర్లు. రెండోది మీ ఫ్రెండ్ చెప్పే క్రిస్పర్, క్యాస్‌జెవీ. అది పాడైన జన్యువు జోలికే పోదు. మనం తల్లి కడుపులో ఉన్నప్పుడు వేరే రకం హిమోగ్లోబిన్ ఉంటుంది కదా, పుట్టాక దాన్ని ఆపేసే స్విచ్ బీసీఎల్11ఏ అనే జన్యువు చేతిలో ఉంది, రక్తకణాల్లో ఆ స్విచ్‌ని తెంపేస్తారు, కడుపులోని హిమోగ్లోబిన్ మళ్లీ తయారవుతుంది. ట్రయల్‌లో లెక్కకి తీసుకోగలిగిన 35 మందిలో 32 మందికి ఏడాది పాటు రక్తం ఎక్కించాల్సిన అవసరం రాలేదు. నిజంగా గొప్ప విషయం. ధర 22 లక్షల డాలర్లు, మన లెక్కలో 18 కోట్ల పైన. పైగా మొదట ఇచ్చిన అనుమతి 12 ఏళ్లు దాటినవాళ్లకి.

అందరూ మర్చిపోయేది ఇంకొకటి. జింటెగ్లో కంపెనీ 2021లో జర్మనీతో ధర కుదరక యూరప్ మొత్తం నుంచి మూటాముల్లె సర్దుకుంది. యూరప్‌లో అనుమతి అప్పటికే వచ్చింది, మందు పనిచేస్తోంది, రోగులున్నారు, అయినా వెళ్లిపోయింది. జర్మనీ వాడే భరించనిది గుంటూరుకి ఎప్పుడొస్తుందో మీరే ఆలోచించండి. మన దగ్గర ఐజీఐబీ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ వాళ్లు బిర్సా 101 అని సికిల్ సెల్ (హిమోగ్లోబిన్‌కే వచ్చే ఇంకో వంశపారంపర్య జబ్బు) కోసం సొంత క్రిస్పర్ పద్ధతి తయారుచేశారు, 2025 నవంబర్‌లో ప్రకటించారు, సీరమ్ ఇన్‌స్టిట్యూట్‌కి టెక్నాలజీ ఇచ్చారు. వెల్లూరు సీఎంసీలో హీమోఫీలియా ఏ (రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు)కి లెంటీవైరస్ జీన్ థెరపీ ఐదుగురికి చేసి 2024 డిసెంబర్‌లో ఫలితాలు ప్రచురించారు, ఐదుగురికీ రక్తస్రావాలు ఆగాయి. ఇవన్నీ చూస్తే నాకు ఛాతీ ఉప్పొంగుతుంది. కానీ ఒకటి సికిల్ సెల్, ఒకటి హీమోఫీలియా, అవి మీ బాబు వ్యాధికి తయారైన మందులు కావు.

రెండో సంగతి, జీన్ థెరపీ అంటే సున్నితంగా అయిపోతుందని వీడియోల్లో చూపిస్తారు. కాదు. బాగుచేసిన కణాలకి చోటివ్వాలంటే పాత మారోని బ్యూసల్ఫాన్ అనే కీమోతో ఖాళీ చెయ్యాలి. అచ్చం మారో ట్రాన్స్‌ప్లాంట్‌లాగే, జుట్టు ఊడటం, నోటి పుళ్లు, ఇన్ఫెక్షన్లు, ముందు ముందు పిల్లలు పుట్టకపోయే ప్రమాదం, అన్నీ ఉంటాయి. జింటెగ్లో కంపెనీదే స్కైసోనా అని మెదడు వ్యాధికి ఇంకో మందుంది, ట్రయల్స్‌లో అది తీసుకున్న 67 మంది పిల్లల్లో 2025 నాటికి పది మందికి రక్త క్యాన్సర్ వచ్చింది. వెక్టర్ ఒకటే కాదు, వ్యాధీ వేరు, అయినా అదీ లెంటీవైరస్ పద్ధతే కాబట్టి చెప్పకుండా ఉండలేను.

నన్నడిగితే, లివర్ పెరగకముందు, ఐరన్ అదుపులో ఉన్నప్పుడే పూర్తిగా కలిసే దాతతో ట్రాన్స్‌ప్లాంట్ చేస్తే ఫలితాలు బాగుంటాయని దశాబ్దాల అనుభవం ఉంది. రాని బస్సు కోసం స్టాపులో నిలబడి ఆ వయసుని పోగొట్టొద్దు. న్యాయం గురించి నాకంటే బాగా చెప్పేవాళ్లున్నారు.

---

బాపట్ల రామం:

మీ ఆవిడ చెప్పిందే కరెక్టు. అంతకంటే చెప్పాల్సింది లేదు గానీ చెప్తా.

మొదట ఇలాగే ఉంటుంది, పాపం పిల్లాడు, ప్రాణం కదా అంటాం. ఒప్పుకుంటాం. తర్వాత ఎక్కడ ఆపుతారు? చైనాలో హె జియాన్‌కుయ్ ఏం చేశాడు, 2018లో షెన్‌జెన్‌లో పిండాల్లోనే సీసీఆర్5 జన్యువు కత్తిరించి కవల ఆడపిల్లల్ని పుట్టించాడు, హెచ్‌ఐవీ రాకుండా అని. అవసరమా? తండ్రికి హెచ్‌ఐవీ ఉన్నా బిడ్డకి రాకుండా చేసే మామూలు పద్ధతులు అప్పటికే ఉన్నాయి. ఆయనకి మూడేళ్లు జైలు వేశారు, సరే, ఆ పిల్లల సంగతి? జీవితాంతం వాళ్లని పరీక్షల కింద చూస్తూనే ఉంటారు. వాళ్లనెవరు అడిగారు?

మన దగ్గరైతే చెప్పనే అక్కర్లేదు. స్కానింగ్ మిషన్ ఊళ్లోకి రాగానే మనం చేసిన పని ఆడపిల్లని ఏరేయడం. దానికోసం 1994లో చట్టం తెచ్చుకోవాల్సి వచ్చింది, ఇప్పటికీ గోడ మీద బోర్డు పెట్టుకుని లోపల చెప్పేవాళ్లున్నారు. ఇలాంటి జనం చేతిలో పిండాల్ని ఏరే కత్తెర పెడితే ఏమవుతుందో ఊహించుకోవడానికి సైంటిస్టు అవ్వక్కర్లేదు.

ఇంకో ప్రశ్న. పది పిండాలు చేస్తారు, ఒకటి తీసుకుంటారు. మిగతావి? వాటిలో మైనర్‌వి ఉంటాయి, అసలు ఏ జబ్బూ లేనివి కూడా ఉంటాయి, తప్పల్లా అన్నతో కలవకపోవడమే. ఆరోగ్యంగా ఉన్నదాన్ని పనికిరాదని పక్కన పెట్టడాన్ని ఏమంటారు? ఐవీఎఫ్ వాళ్ల ప్యాకేజీలో ఈ లైను ఉండదు.

---

బి పాజిటివ్:

రామం గారూ, నా గ్రూపు బి పాజిటివ్, జబ్బు థలసేమియా మేజర్, వయసు 28. మా గురించి చర్చ జరిగేటప్పుడు మాలో ఒకడైనా మాట్లాడితే బాగుంటుందని రాస్తున్నా. అందరి తరఫునా కాదు, నా ఒక్కడి తరఫునే.

మా చెల్లి నా తర్వాత పుట్టింది. మారో కలుస్తుందేమో అనే ఆశతోనే కన్నారు, మా ఇంట్లో ఎవరూ దాచలేదు. అప్పుడు మాకు ఈ పిండాలు ఏరే పద్ధతి అందుబాటులో లేదు. మూడో నెలలో మాయ నుంచి కాస్త ముక్క తీసి చూసే సీవీఎస్ చేయించి, మేజర్ కాదని తేలాక ఉంచుకున్నారు. పుట్టాక చూస్తే కలవలేదు. అంటే మా చెల్లి ఏ పని కోసం పుట్టిందో ఆ పనికి మొదటి రోజే ఫెయిలైంది. ఇప్పుడు ఇంట్లో అందరికంటే గారాబం తనదే, నా క్రెడిట్ కార్డు కూడా తన దగ్గరే ఉంటుంది. "నేను రిజెక్టెడ్ పీస్‌ని" అని తనే జోకులేస్తుంది. అందరి ఇళ్లలో ఇలాగే ఉంటుందని చెప్పను. కానీ ఒక కారణం కోసం కన్న బిడ్డని ఆ కారణంగానే చూస్తారన్న భయం మా ఇంట్లో నిజం కాలేదు.

అసలు మనవాళ్లు పిల్లల్ని ఏ కారణం లేకుండా కంటున్నారా? వారసుడు కావాలని, తలకొరివి పెట్టడానికని, మొదటివాడికి తోడు కావాలని, పెళ్లై రెండేళ్లయింది ఊళ్లో అడుగుతున్నారని. వీటన్నిటికీ లేని అభ్యంతరం అన్న ప్రాణం కోసం అంటే ఎందుకొస్తుంది?

అలాగని అన్నయ్య గారికి పచ్చజెండా ఊపట్లేదు. నాకు భయం వేసేది వేరే చోట. బ్యూసల్ఫాన్ తర్వాత పిల్లలు పుట్టకపోవచ్చు అన్నది ల్యాబ్‌కోటు గారు ఒక లైనులో రాసి దాటేశారు. ఆ ఫారం మీద సంతకం పెట్టేది మీరు, అనుభవించేది మీ వాడు. పెద్దవాళ్లయితే వీర్యం దాచుకుంటారు. ఏడేళ్ల వాడికి అది కుదరదు, ఆ వయసులో కణజాలం తీసి దాచడం ఇంకా ప్రయోగ దశలోనే ఉంది. ఆగితే వాడే పెద్దయ్యి నిర్ణయం తీసుకోవచ్చు, కానీ అప్పటికి లివర్ ఎలా ఉంటుందో తెలియదు, గుండెలో ఐరన్ ఎంత చేరుతుందో తెలియదు. నేను ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకోలేదు, దాత దొరకలేదు కాబట్టి. ఉద్యోగం చేస్తున్నా, బైక్ మీద గోవా వెళ్లొచ్చా, నెలకి ఒకటి రెండు రోజులు బెడ్ మీద సూది పెట్టించుకుని ల్యాప్‌టాప్‌లో పని చేసుకుంటా. బతకడానికి వీల్లేని జీవితం కాదిది. అది కూడా లెక్కలో వేసుకోండి, ఎందుకంటే ఈ దారులన్నీ చెప్పేవాళ్లు ముందు మా బతుకుని నరకంగా చూపించి మొదలుపెడతారు.

ఒక్కటి చెయ్యండి. బాబుని అడగండి. ఏడేళ్ల వాడికేం తెలుసు అనకండి, వార్డులో మూడు వారాలకోసారి పడుకునే పిల్లాడికి హిమోగ్లోబిన్ ఎంతుంటే ఇంటికి పంపిస్తారో కూడా తెలుసు. సంతకం మీదే అయినా వాడికి అర్థమయ్యే మాటల్లో చెప్పి చేస్తే వాడు తర్వాత మిమ్మల్ని తిట్టుకునే పద్ధతి వేరుగా ఉంటుంది.

---

విజయ (జెనెటిక్ కౌన్సెలర్):

కొన్ని లెక్కలు, కొన్ని నిజాలు. మా దగ్గరికి ఇదే ప్రశ్నతో వచ్చేవాళ్లు ఎక్కువే.

ఇద్దరు మైనర్లకి పుట్టే బిడ్డ మేజర్ కాకుండా ఉండే అవకాశం నాలుగులో మూడు. బాబుతో హెచ్‌ఎల్‌ఏ పూర్తిగా కలిసే అవకాశం నాలుగులో ఒకటి. బీటా గ్లోబిన్ 11వ క్రోమోజోమ్ మీద, హెచ్‌ఎల్‌ఏ ఆరో దాని మీద ఉంటాయి కాబట్టి ఒకదానికొకటి సంబంధం లేదు, రెండూ కుదిరేది 16లో 3. అంటే పరీక్ష దాకా నిలబడిన పిండాలు అయిదో ఆరో ఉంటే ఒకటి పనికొస్తుందేమో అన్న లెక్క. అది కడుపులో నిలవాలి కూడా. సెంటర్ల వాళ్లు సక్సెస్ రేటు అని ఏ అంకె చెప్పినా అది మామూలు ఐవీఎఫ్‌దా, ఈ వడపోత అంతా అయ్యాకదా అని గుచ్చి అడగండి.

మన దేశంలో ఇలా జరిగింది. గుజరాత్‌లో ఒక కుటుంబం ఇలాగే పాపని కంది, 2018లో పుట్టింది, బరువు పెరిగేదాకా ఆగి 2020లో అన్నకి మారో ఇచ్చారు, అతనికి రక్తం ఎక్కించడం ఆగింది. బ్రిటన్ కథ ఇంకోలా ముగిసింది. అక్కడ థలసేమియా ఉన్న కొడుకు కోసం ఒక జంట అనుమతి అడిగితే వ్యతిరేకించినవాళ్లు కోర్టుకెళ్లారు, చివరికి 2005లో హౌస్ ఆఫ్ లార్డ్స్ చేయొచ్చని తీర్పిచ్చింది. పాపం ఆ తల్లికి మాత్రం సరిపోయే బిడ్డ పుట్టలేదు. పేపర్లు మొదటి రకం కథే రాస్తాయి, మేం మాత్రం రెండూ చెప్తాం.

అందుకే నేను జంటల్ని అడిగేది న్యాయమా కాదా అని కాదు. ఈ బిడ్డ పుట్టి, ట్రాన్స్‌ప్లాంట్ ఫెయిలైతే? లేదా ఈలోపు బాబు ఆరోగ్యం మారి ట్రాన్స్‌ప్లాంటే వద్దన్నారనుకోండి, అప్పుడు కూడా ఈ బిడ్డ మీకు కావాలా? అవునంటే తర్వాతి మాటలు మాట్లాడుకుంటాం. తడబడితే ఆ రోజుకి అక్కడితో ఆపేస్తాం. ఇంకొకటి, మొదటిసారి మారో నిలవకపోతే రెండోసారి కావాలంటారు. చిన్నపిల్ల నుంచి మారో తీయడమంటే మత్తిచ్చి తుంటి ఎముక నుంచి తీయడం, ప్రమాదం తక్కువే, కానీ సున్నా కాదు, ఆ పిల్లకి దాంతో వచ్చే లాభం ఏమీ లేదు. ఎన్నిసార్ల దాకా అడుగుతాం అనే గీత ఆశలో ఉన్నప్పుడు ఎవరూ గీయలేరు, కాబట్టి ఇప్పుడే గీసుకోండి. దాత బిడ్డ డాక్టరూ, బాబు డాక్టరూ వేరువేరుగా ఉండాలని పట్టుబట్టండి.

చట్టం సంగతి. ఐవీఎఫ్ లాంటి పద్ధతుల కోసం తెచ్చిన 2021 ఏఆర్‌టీ చట్టం పిండాల జన్యు పరీక్షని ముందే తెలిసిన వంశపారంపర్య వ్యాధుల కోసమే వాడాలంటుంది. థలసేమియా చూడటానికి ఇబ్బంది లేదు. హెచ్‌ఎల్‌ఏ కోసం ఏరడం గురించి మాత్రం సెంటర్ వాళ్లు అదంతా మామూలే అంటే సరిపోదు, ఏ అనుమతితో చేస్తున్నారో కాగితం మీద చూపించమనండి. ఆడా మగా అన్నది చెప్పడం, ఏరడం నేరం, అందులో సందు లేదు. రామం గారు భయపడేది ఉత్త ఊహ కాదు, కాకపోతే ఆయన చెప్పిన చైనా సంగతి జన్యువుని మార్చి తరతరాలకి పంపించడం, అది మన ఐసీఎంఆర్ (వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల్లో నిషేధం. ఇక్కడ దేన్నీ మార్చడం లేదు, ఉన్నవాటిలో ఎంచుతున్నారు. రెండిట్లోనూ ప్రశ్నలున్నాయి కానీ ఒకే ప్రశ్న కాదు.

ఇదంతా చేసేముందు దాత్రి లాంటి రిజిస్ట్రీల్లో బయటి దాత కోసం వెతికించారా? సగం మ్యాచ్‌తో తల్లో తండ్రో ఇచ్చే హాఫ్ మ్యాచ్ ట్రాన్స్‌ప్లాంట్ గురించి అడిగారా? ప్రమాదాలు ఎక్కువ ఉండొచ్చు, అయినా అడగాలి. కలిసిన దాత ఉంటే కోల్ ఇండియా వాళ్ల థలసేమియా బాల సేవా యోజన కింద అర్హత ఉన్న కుటుంబాలకి 10 లక్షల దాకా సాయం ఉంది, పొలం అమ్మేముందు అది కనుక్కోండి.

పాప గురించి కూడా. తను మైనర్ అయి ఉండొచ్చు. ఆ పరీక్ష ఇప్పుడు తొందరపడి చేయించక్కర్లేదు, తను అర్థం చేసుకునే వయసులో తనకే చెప్పి చేయించండి. ఆ రిపోర్టు తనది, చుట్టాలందరికీ చెప్పాల్సింది కాదు. మైనర్ అంటే రోగం కాదని మీ ఇంట్లోనే పది మందికి చెప్పాల్సొస్తుంది.

---

పాడేరు సిస్టర్:

అందరూ బాగా చదువుకున్నవాళ్లు, నేను చిన్నమాట చెప్తానండి. మాది ఏజెన్సీ, ఇక్కడ సికిల్ సెల్. 2023లో దేశమంతా మిషన్ మొదలుపెట్టారు, 7 కోట్ల మందికి పరీక్షలు, 2047కి ఈ జబ్బు లేకుండా చేయాలని. మేం ఊరూరా తిరిగి వేలి మీద సూది పొడిచి చూస్తాం, క్యారియర్ (పైన మైనర్ అన్నట్టే, జబ్బు లేకున్నా జన్యువు మోసేవాళ్లు) అయితే కార్డు ఇస్తాం. ఇద్దరు క్యారియర్లు పెళ్లి చేసుకోకండి, చేసుకుంటే కడుపుతో ఉన్నప్పుడు పరీక్ష చేయించుకోండి అని చెప్పడానికి ఆ కార్డు. కానీ జరిగేదేంటంటే అబ్బాయి కార్డు ఎవరూ అడగరు, అమ్మాయి కార్డు చూసి సంబంధం వెనక్కి పోతుంది. ఒక తల్లి కార్డు చింపేసి నా చేతిలో పెట్టింది. నేను మళ్లీ రాసివ్వలేదు, ఆ అమ్మాయికి మాత్రం విడిగా కూర్చోబెట్టి చెప్పాను.

20 కోట్ల మందు గురించి చదువుతుంటే మా పిల్లలకి సికిల్ సెల్ నొప్పులు తగ్గించే హైడ్రాక్సీయూరియా మాత్ర అయిపోయిన వారం గుర్తొస్తుంది. కొండ దిగి రావాలంటే కూలి పోతుంది, అందుకని మానేస్తారు, నొప్పి వచ్చాక మోసుకొస్తారు. ఆ బిర్సా పేరు పెట్టిన మందు నిజంగా మా దాకా వస్తే మొదట ఎవరికి ఇస్తారో చూడాలని ఉంది. ట్రయల్‌కి మొదట మావాళ్లని పిలుస్తారు, అది ఖాయం. కాగితం మా భాషలో చదివి వినిపిస్తారా అన్నదే నా అనుమానం.

---

బాపట్ల రామం:

బి పాజిటివ్ బాబూ, నీ బతుకు విలువ తక్కువని నేను అన్లేదు. అసలు నా వాదనే అది. ఉన్న జీవితం విలువైనదే అయితే ఇంకో జీవితాన్ని విడిభాగాల కోసం ఎందుకు తయారుచేయాలి? వారసుడి కోసం కనడం కూడా నాకు ఇష్టం లేదు, ఆ తప్పు ఉంది కాబట్టి ఈ తప్పు పర్వాలేదంటే ఎలా?

---

బి పాజిటివ్:

విడిభాగాలంటే కిడ్నీ సర్. మారో మళ్లీ పెరుగుతుంది. ఇప్పటిదాకా ఎన్ని వందల మంది రక్తం నా ఒంట్లో తిరిగిందో నాకే తెలియదు, వాళ్లెవరూ తరిగిపోలేదు. తేడా ఏంటంటే వాళ్లు ఒప్పుకుని ఇచ్చారు, పసిబిడ్డ ఒప్పుకోలేదు. ఆ మాట దగ్గర మాత్రం మీతో వాదించను.

---

గుంటూరు నాన్న:

ఇది ఆయన ఐడీ, రాస్తున్నది నేను, వాళ్ల అమ్మని. రాత్రి ఇద్దరం కూర్చుని అంతా చదివాం. అందరికీ థాంక్స్ అండి, ముఖ్యంగా బి పాజిటివ్ తమ్ముడికి. నీ మెసేజ్ బాబుకి కూడా చదివి వినిపించా, బైక్ మీద గోవా దాకా ఎలా వెళ్లావో, మధ్యలో రక్తం ఎక్కడ ఎక్కించుకున్నావో అడగమన్నాడు.

నేను వద్దంటున్నానని ఆయన రాశారు. పూర్తిగా అది కాదు. పుట్టే పిల్లకి పని అప్పజెబుతున్నాం అన్నది నేనన్న మాటే, నిజమే. కానీ ఇంట్లో రోజూ మాట్లాడేది, ఇక్కడ మీరందరూ మాట్లాడింది పిండం గురించి, బాబు గురించి, పొలం గురించి, చట్టం గురించి. ఇంజెక్షన్లు పొడిపించుకునేది ఎవరు? నాకిప్పుడు 37. రెండు సిజేరియన్లు అయ్యాయి. మూడు వారాలకోసారి బాబుతో హాస్పిటల్లో కూర్చునేది నేను, ఉద్యోగం మానేసింది నేను. ఇప్పుడు మళ్లీ అండాలు తీయడం, పెట్టడం, నిలవకపోతే ఇంకోసారి, దాని మధ్యలో వాడికి జ్వరమొస్తే ఎవరు పరిగెత్తాలి? మా నాన్న పొలం అమ్ముతానన్నాడు, నువ్వు తట్టుకోగలవా అని ఒక్కసారి అడగలేదు. నేను కాదంటే కొడుకు మీద ప్రేమ లేని తల్లినైపోతా, అందుకే ఆ పుట్టబోయే పిల్లని అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నానేమో, నాకూ తెలియదు.

విజయ గారూ, మీరడిగిన దానికి నా జవాబు అవును. ట్రాన్స్‌ప్లాంట్ జరగకపోయినా ఆ బిడ్డ నాకు కావాలి, పెంచుకుంటాను. కానీ లెక్క లేకుండా ప్రయత్నిస్తూ పోవడం నా వల్ల కాదు. ముందు బయటి దాత కోసం వెతికిస్తాం, ఆ ఫలితం వచ్చేదాకా ఐవీఎఫ్ మాటెత్తొద్దని ఇంట్లో చెప్పేశాను, ఆయన ఒప్పుకున్నారు. ఆ తర్వాత వెళ్లాల్సి వస్తే రెండు సార్లే, మూడోది లేదని ముందే కాగితం మీద రాయించుకోవచ్చా? మధ్యలో నేను వద్దంటే ఆపేస్తారా, లేక డబ్బు కట్టేశారు కదా అంటారా?

---

విజయ (జెనెటిక్ కౌన్సెలర్):

ఆపేయాలి అమ్మా, అది మీ హక్కు. ఏఆర్‌టీ చట్టం ప్రకారం మీ ఇద్దరి రాతపూర్వక అంగీకారం లేకుండా ఏదీ మొదలుపెట్టకూడదు, పిండాన్ని గర్భసంచిలో పెట్టే ముందు దాకా ఎప్పుడైనా, ఇద్దరిలో ఎవరైనా ఒప్పుకోలు వెనక్కి తీసుకోవచ్చు. డబ్బు కట్టారన్నది దానికి అడ్డం కాదు, కాకపోతే వాపసు షరతులు ముందే చదువుకోండి. రెండు సార్లే అన్నది చట్టంలో లేదు గానీ మీరే ఒక కాగితం రాసి ఇద్దరూ సంతకం పెట్టి మీ ఫైల్లో పెట్టించండి, నేనైతే పెట్టిస్తాను.

37 అంటున్నారు కాబట్టి, రెండు సిజేరియన్లు అంటున్నారు కాబట్టి, ఐవీఎఫ్ సెంటర్ కంటే ముందు ఆ సెంటర్‌తో సంబంధం లేని గైనకాలజిస్టుని కలవండి. పాత కుట్టు ఎలా ఉంది, మూడో కాన్పులో మాయ కిందికి అతుక్కునే ప్రమాదం ఎంత, ఏఎంహెచ్ (అండాలు ఎన్ని మిగిలాయో అంచనా చెప్పే రక్తపరీక్ష) ఎంత, ఈ వయసులో ఒక్కో సైకిల్‌కి ఎన్ని పిండాలు పరీక్ష దాకా నిలుస్తాయి, ఇవన్నీ అడగండి. 16లో 3 అన్న లెక్క ఆ చివరి అంకె మీదే ఆధారపడుతుంది. వెళ్లేటప్పుడు ఆయన్ని కూడా లోపలికి తీసుకెళ్లండి, బయట కూర్చోబెట్టకండి.

---

బి పాజిటివ్:

బాబుకి చెప్పండి వదినా, వెళ్లే ముందు రోజే ఎక్కించుకుని బయల్దేరా, మాత్రలు ట్యాంక్ బ్యాగులో. పదేళ్లాగి వాడొస్తానంటే వెనకాల సీటు ఖాళీనే.